అతినీలలోహిత కాంతితో హైడ్రోజెల్ తయారీ

అతినీలలోహిత కాంతితో హైడ్రోజెల్ తయారీ అనేది నీటిలో కరిగిన పాలిమర్ ద్రావణంపై అతినీలలోహిత కిరణాలను ప్రసరింపజేసి, దానిని కొద్ది సెకన్ల నుండి కొద్ది నిమిషాల వ్యవధిలో నీరు నిండిన మెత్తని ఘనపదార్థంగా మార్చే రసాయన ప్రక్రియ. జీవకణాలను, శరీరంలోని పరిస్థితులకు దగ్గరగా ఉండే పరిసరాలలో పెంచి పరిశీలించడానికి జీవశాస్త్ర, వైద్య పరిశోధనలలో ఈ ప్రక్రియను విరివిగా ఉపయోగిస్తారు. రసాయన శాస్త్రంలో ఇది కాంతి పాలిమరీకరణం అనే విభాగానికి చెందినది. పుచ్చిన పంటిని పూడ్చిన తరువాత దంతవైద్యుడు నీలికాంతిని ప్రసరింపజేసి ఆ పూతను గట్టిపరచడం కూడా ఈ కోవకు చెందిన ప్రక్రియే.

కాంతి పడిన చోట మాత్రమే జెల్ ఏర్పడుతుంది. కాంతిని ఆపివేస్తే చర్య కూడా దాదాపుగా ఆగిపోతుంది. అందువలన జెల్ ఎక్కడ, ఎప్పుడు, ఎంత గట్టిగా ఏర్పడాలో పరిశోధకుడు ముందే నిర్ణయించుకొనగలడు. అయితే జెల్‌ను నిర్మించే కాంతియే మోతాదు మించితే అందులోని జీవకణాలకు హాని చేస్తుంది. జెల్‌కు తగినంత గట్టితనం రావాలి, కణాలు ఆరోగ్యంగా మిగలాలి. ఈ రెండింటి మధ్య సమతూకం సాధించడమే ఈ పద్ధతిలోని కీలకాంశం. తరంగదైర్ఘ్యం, కాంతి తీవ్రత, రసాయనాల ఎంపిక అన్నీ ఈ సమతూకం కోసమే నిర్ణయించబడతాయి.

హైడ్రోజెల్ స్వభావం

హైడ్రోజెల్ అనగా నీటిని ఇముడ్చుకొని, కరిగిపోకుండా నిలిచి ఉండే పాలిమర్ వల. పొడవైన పాలిమర్ గొలుసులు అక్కడక్కడా ఒకదానితో ఒకటి ముడిపడి ఉండడం వలన ఈ వల ఏర్పడుతుంది. ఈ ముడులను అడ్డుబంధాలు అంటారు. అడ్డుబంధాలు లేకపోతే గొలుసులు నీటిలో విడిపోయి ద్రావణంగా మారుతాయి. అడ్డుబంధాలు మరీ ఎక్కువైతే నీటికి చోటు తగ్గి పదార్థం బిరుసెక్కుతుంది. జీవశాస్త్ర పరిశోధనలో వాడే అనేక హైడ్రోజెల్‌ల బరువులో 90 శాతం, లేదా అంతకంటె ఎక్కువ, నీరే ఉంటుంది.

సబ్జా గింజలను నీటిలో నానబెట్టినపుడు వాటి చుట్టూ ఉబ్బే పారదర్శకమైన పొర ఒక సహజ హైడ్రోజెల్. కంటి నల్లగుడ్డుపై ఉండే పారదర్శక పొర అయిన కార్నియా, కీళ్ళలోని మృదులాస్థి కూడా స్వభావరీత్యా నీరు నిండిన జెల్‌ల వంటివే.

శరీరంలోని కణాలలో అధికభాగం కణబాహ్య మాత్రిక అనే వలలో ఇమిడి ఉంటాయి. ఈ వల కొల్లాజెన్ వంటి ప్రోటీన్లతోను, హయలురోనిక్ ఆమ్లం వంటి చక్కెర గొలుసులతోను నిర్మితమైనది. ప్రయోగశాలలో చాలాకాలంగా కణాలను గట్టి ప్లాస్టిక్ పాత్రల అడుగున పలుచని పొరగా పెంచుతున్నారు. అటువంటి ఉపరితలం శరీరంలోని మెత్తని కణజాలం కంటె ఎన్నో వేల రెట్లు గట్టిగా ఉంటుంది. అక్కడ కణాల ఆకారం, ప్రవర్తన రెండూ మారిపోతాయి. ఈ లోపాన్ని సవరించడానికి హైడ్రోజెల్‌లు ఉపయోగపడుతున్నాయి.

చరిత్ర

జీవశాస్త్ర అవసరాలకై హైడ్రోజెల్‌లను తయారుచేయడం చెకోస్లొవేకియా రసాయన శాస్త్రవేత్తలు ఒట్టో విఖ్టర్లె, ద్రహోస్లావ్ లిమ్‌ల కృషితో ప్రసిద్ధి పొందింది. వీరి పరిశోధనా పత్రం 1960లో నేచర్ పత్రికలో ప్రచురితమైనది. మరుసటి సంవత్సరం చివరలో విఖ్టర్లె తన ఇంట్లోనే పిల్లల ఆటవస్తువుల విడిభాగాలతో ఒక యంత్రాన్ని కూర్చి, ఆ పదార్థంతో మెత్తని కాంటాక్ట్ లెన్సులను తయారుచేశాడు.

జీవకణాల సమక్షంలోనే కాంతితో జెల్‌ను ఏర్పరచే పద్ధతిని 1990వ దశకం ఆరంభంలో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఉన్న టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హబ్బెల్ బృందం అభివృద్ధి చేసింది. ఈ బృందంలోని చంద్రశేఖర్ పాథక్, అమర్‌ప్రీత్ సాహ్నీ భారతీయ మూలాలు గలవారు. వీరు ముగ్గురు 1992, 1993 సంవత్సరాలలో ప్రచురించిన పత్రాలు ఈ రంగానికి పునాదిగా భావించబడతాయి. ఈ కృషి నుండి రూపొందిన ఫోకల్‌సీల్ అనే జెల్‌ను, ఊపిరితిత్తుల శస్త్రచికిత్స తరువాత గాలి బయటికి పోకుండా అతికించడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2000లో ఆమోదించింది. ఇందులో అతినీలలోహిత కాంతికి బదులు దృశ్యకాంతిని వాడారు.

తరువాతి పరిణామాలలో ముఖ్యమైనవి:

* 1999 - జెనిఫర్ ఎలిసెఫ్, రాబర్ట్ లాంగర్ తదితరులు చర్మం క్రిందికి ఎక్కించిన ద్రావణాన్ని, చర్మం గుండా కాంతిని ప్రసరింపజేసి జెల్‌గా మార్చవచ్చునని ఎలుకలలో చూపించారు.
* 2000 - బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జెలటిన్‌కు మెథాక్రిలేట్ సమూహాలను జోడించి తయారుచేసిన జెల్‌ల ధర్మాలను ప్రచురించారు. ఈ పదార్థమే నేడు జెల్మా అనే పొట్టిపేరుతో వ్యవహరించబడుతున్నది.
* 2000 - కొలరాడో విశ్వవిద్యాలయంలో క్రిస్టీ ఆన్‌సెత్ బృందం, కాంతి ప్రారంభక రసాయనాలు కణాలపై చూపే ప్రభావాన్ని క్రమబద్ధంగా పోల్చింది.
* 2009 - అదే విశ్వవిద్యాలయ పరిశోధకులు నీటిలో బాగా కరిగే ఎల్.ఏ.పి. అనే ప్రారంభకాన్ని కణాలతో కూడిన జెల్‌ల తయారీకి ఉపయోగించి, దాని ప్రయోజనాలను నిరూపించారు. కాంతితో కరిగిపోయే హైడ్రోజెల్‌లను కూడా అదే సంవత్సరం సైన్స్ పత్రికలో ప్రకటించారు.
* 2013 - మోకాలి మృదులాస్థిలోని గుంటలను పూడ్చడానికి, కాంతితో గట్టిపడే జెల్‌ను 15 మంది రోగులలో ఉపయోగించిన ప్రాథమిక అధ్యయనం వెలువడింది.
* 2019 - రైస్ విశ్వవిద్యాలయంలో జోర్డాన్ మిల్లర్ బృందం, రక్తనాళాల వంటి సూక్ష్మమైన గొట్టాలు పెనవేసుకున్న హైడ్రోజెల్‌లను కాంతి ముద్రణ ద్వారా నిర్మించింది.

కాంతితో జెల్ ఏర్పడే విధానం

పాలిమర్ ద్రావణంపై కాంతి ప్రసరించినంత మాత్రాన జెల్ ఏర్పడదు. కాంతి శక్తిని గ్రహించి చర్యను మొదలుపెట్టే పదార్థం ఒకటి కావాలి. దీనిని కాంతి ప్రారంభకం అంటారు. చర్య మూడు దశలలో జరుగుతుంది.

1. ప్రారంభ దశ: ప్రారంభక అణువు ఒక ఫోటాన్‌ను శోషించి రెండు ముక్కలుగా చీలుతుంది. ఒక్కొక్క ముక్కలో జతలేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. ఇటువంటి ముక్కలను స్వేచ్ఛా ప్రాతిపదికలు అంటారు. ఇవి మిక్కిలి చురుకైనవి.
2. ప్రవర్ధన దశ: స్వేచ్ఛా ప్రాతిపదిక పాలిమర్ గొలుసుపై గల కార్బన్ ద్విబంధంతో చర్య జరిపి, దానిని తెరచి, తాను అతుక్కుంటుంది. అపుడు జతలేని ఎలక్ట్రాన్ గొలుసు కొనకు మారి మరొక ద్విబంధంతో చర్య జరుపుతుంది. ఈ విధంగా వేర్వేరు పాలిమర్ గొలుసుల మధ్య అడ్డుబంధాలు ఏర్పడతాయి.
3. సమాప్తి దశ: రెండు స్వేచ్ఛా ప్రాతిపదికలు కలిసినపుడు వాటి చురుకుదనం నశించి చర్య ఆగిపోతుంది.

ద్రావణంలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఈ చర్యకు అడ్డుపడుతుంది. అది స్వేచ్ఛా ప్రాతిపదికలతో కలిసి వాటిని మందకొడిగా మారుస్తుంది. అందువలన గాలి తగిలే పైభాగంలో జెల్ సరిగా గట్టిపడక జిగటగా మిగలవచ్చు. ద్రావణంపై గాజు పలకను కప్పి ఉంచడానికి ఇది ఒక కారణం.

రెండవ రకం చర్యలో గంధకం, హైడ్రోజన్ కలిసిన థయాల్ సమూహం ద్విబంధంతో కలుస్తుంది. దీనిని థయాల్-ఈన్ చర్య అంటారు. నార్‌బోర్నీన్ వంటి తగిన ద్విబంధాన్ని ఎన్నుకుంటే ఇందులో ఒక థయాల్ ఒక ద్విబంధంతో మాత్రమే జతకూడుతుంది. కాబట్టి వల మరింత క్రమబద్ధంగా ఏర్పడుతుంది. ఆక్సిజన్ వలన కలిగే ఆటంకం కూడా తక్కువ. తక్కువ కాంతితో, తక్కువ ప్రారంభకంతో పని పూర్తవుతుంది కనుక కణాలకు ఈ పద్ధతి అనుకూలమైనది.

ముడి పదార్థాలు

పాలీఇథిలీన్ గ్లైకాల్ డైఅక్రిలేట్

ఇది పూర్తిగా కృత్రిమ పదార్థం. ప్రోటీన్లు దీనికి సులభంగా అంటుకోవు, కనుక కణాలు కూడా అంటుకోవు. మొదటి చూపులో ఇది లోపంగా తోచినా పరిశోధకులకు ఇది ఒక సౌలభ్యం. కణాలు పట్టుకొనడానికి అవసరమైన సంకేతాన్ని తామే, కావలసినంత మోతాదులో జోడించవచ్చును. ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాల వరుస ఇటువంటి సంకేతాలలో ప్రసిద్ధమైనది. కణాలు ఈ వరుసను గుర్తించి పట్టుకుంటాయని 1984లో మైకేల్ పియర్ష్‌బాకర్, ఎర్కి రూస్లాటి వెల్లడించారు.

జెల్మా

జెలటిన్ అనేది జంతువుల చర్మం, ఎముకలలోని కొల్లాజెన్ నుండి తయారయ్యే ప్రోటీన్. వేడినీటిలో కరిగి చల్లారితే గడ్డకడుతుంది. కానీ కణాలను పెంచే 37 డిగ్రీల సెల్సియస్ వద్ద తిరిగి కరిగిపోతుంది. ఈ కారణంగా కేవలం జెలటిన్ కణాలకు ఆధారంగా నిలువదు. దానికి మెథాక్రిలేట్ సమూహాలను జోడించి కాంతితో అడ్డుబంధాలు వేసినపుడు శరీర ఉష్ణోగ్రత వద్ద కూడా కరగని జెల్ లభిస్తుంది. కణాలు పట్టుకొనే సంకేతాలు, కణాలు విడుదల చేసే ఎంజైమ్‌లు కత్తిరించగల స్థానాలు జెలటిన్‌లో సహజంగానే ఉన్నాయి. అందుచేత కణాలు జెల్మాలో వ్యాపించి, దారి చేసుకొని కదలగలవు. పంది, పశువుల జెలటిన్‌తో పాటు చేపల జెలటిన్‌ను కూడా ఇందుకు వాడుతున్నారు.

మెథాక్రిలేట్ జోడించిన హయలురోనిక్ ఆమ్లం

హయలురోనిక్ ఆమ్లాన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్‌లు ఆవు కంటిలోని ద్రవం నుండి వేరుచేశారు. ఇది కీళ్ళ ద్రవంలోను, మృదులాస్థిలోను ఉంటుంది. మెథాక్రిలేట్ సమూహాల సంఖ్యను బట్టి ఈ జెల్ గట్టితనాన్ని విస్తృతంగా మార్చవచ్చు.

కాంతి ప్రారంభకాలు

కాంతి ప్రారంభకానికి మూడు లక్షణాలు ఉండాలి. నీటిలో కరగాలి, కణాలకు హాని చేయని కాంతిని శోషించాలి, తక్కువ మోతాదులోనే పనిచేయాలి. ఈ మూడింటినీ సంపూర్ణంగా కలిగినది అరుదు.

ఇర్గాక్యూర్ 2959 అనే ప్రారంభకం ఈ రంగంలో చాలాకాలం ప్రధానస్థానంలో ఉంది. తక్కువ గాఢతలో అనేక రకాల కణాలు దీనిని సహిస్తాయి. అయితే ఇది నీటిలో స్వల్పంగానే కరుగుతుంది. దీని శోషణ ప్రధానంగా 280 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, 365 నానోమీటర్ల వద్ద చాలా బలహీనం.

లిథియం ఫెనైల్-2,4,6-ట్రైమిథైల్‌బెంజాయిల్‌ఫాస్ఫినేట్ అనే లవణాన్ని పొట్టిగా ఎల్.ఏ.పి. అంటారు. ఇది నీటిలో సులభంగా కరుగుతుంది. 365 నానోమీటర్ల వద్ద దీని మోలార్ శోషణ గుణకం సుమారు 218. ఇర్గాక్యూర్ 2959 విషయంలో ఆ విలువ సుమారు 4 మాత్రమే. రెండు విలువలకు ప్రమాణం లీటర్ / మోల్-సెంటీమీటర్.

ఈ వ్యత్యాసం ఆచరణలో ఎంత పెద్దదో లెక్కించి చూడవచ్చు. లీటరుకు అర గ్రాము, అనగా 0.05 శాతం, ప్రారంభకం గల ద్రావణాన్ని ఒక సెంటీమీటరు లోతున తీసుకుంటే, 365 నానోమీటర్ల కాంతిలో ఇర్గాక్యూర్ 2959 సుమారు 2 శాతాన్ని మాత్రమే శోషిస్తుంది. మిగిలిన 98 శాతం ఉపయోగం లేకుండా కణాల గుండా సాగిపోతుంది. అదే గాఢతలో ఎల్.ఏ.పి. సుమారు 57 శాతాన్ని శోషిస్తుంది. అందువలన రెండవ దానితో తక్కువ కాంతి, తక్కువ సమయం సరిపోతాయి. అంతేకాక 405 నానోమీటర్ల ఊదారంగు దృశ్యకాంతితో కూడా అది పనిచేస్తుంది.

శోషణ ఎక్కువైన కొద్దీ మేలు అని భావించరాదు. పైపొరయే కాంతిని చాలావరకు శోషించివేస్తే అడుగుభాగానికి కాంతి చాలదు. అపుడు జెల్ పైన గట్టిగా, క్రింద మెత్తగా ఏర్పడుతుంది.

తరంగదైర్ఘ్యం, కాంతి మోతాదు

అతినీలలోహిత కాంతిని మూడు భాగాలుగా విభజిస్తారు. 315 నుండి 400 నానోమీటర్ల వరకు ఎ-భాగం, 280 నుండి 315 వరకు బి-భాగం, 100 నుండి 280 వరకు సి-భాగం. డి.ఎన్.ఏ. 260 నానోమీటర్ల ప్రాంతంలోని కాంతిని అత్యధికంగా శోషిస్తుంది. క్రిములను చంపే దీపాలు వెలువరించే 254 నానోమీటర్ల కాంతి ప్రభావవంతంగా పనిచేయడానికి కారణం ఇదే. కనుక కణాలున్న జెల్‌ల తయారీకి బి, సి భాగాలను వదలి ఎ-భాగాన్ని ఎన్నుకుంటారు. పాదరస దీపం 365 నానోమీటర్ల వద్ద బలమైన కాంతిని ఇస్తుంది. ఈ పద్ధతిలో ఆ సంఖ్య తరచుగా కనిపించడానికి ఇదొక కారణం. ప్రస్తుతం 365, 385, 405 నానోమీటర్ల ఎల్.ఇ.డి. దీపాలు కూడా వాడుకలో ఉన్నాయి.

కాంతి మోతాదును లెక్కించే సూత్రం సరళమైనది:

మోతాదు = కాంతి తీవ్రత × సమయం

ఉదాహరణకు చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్ల తీవ్రతతో 60 సెకన్లు కాంతిని ప్రసరింపజేస్తే మోతాదు చదరపు సెంటీమీటరుకు 300 మిల్లీజౌళ్ళు అవుతుంది. అయితే మోతాదు ఒకటే అయినంత మాత్రాన ఫలితం ఒకటే కానక్కరలేదు. తీవ్రత మరీ ఎక్కువైతే స్వేచ్ఛా ప్రాతిపదికలు ఒక్కసారిగా అధికసంఖ్యలో పుట్టి, పాలిమర్ గొలుసులతో కలవకముందే తమలో తాము కలిసి నశిస్తాయి. తీవ్రత మరీ తక్కువైతే పుట్టిన ప్రాతిపదికలను ఆక్సిజన్ అణచివేస్తుంది. ఈ కారణంగా పరిశోధనా పత్రాలలో మోతాదును మాత్రమే గాక తీవ్రత, సమయం, తరంగదైర్ఘ్యం, ద్రావణం లోతు విడివిడిగా పేర్కొనడం అవసరం.

తయారీ విధానం

జెల్మాతో కణాలున్న జెల్‌ను తయారుచేసే సాధారణ క్రమం ఈ విధంగా ఉంటుంది:

1. జెలటిన్‌ను సుమారు 50 డిగ్రీల సెల్సియస్ వద్ద బఫర్ ద్రావణంలో కరిగించి, మెథాక్రిలిక్ అన్‌హైడ్రైడ్‌ను చుక్కలు చుక్కలుగా కలుపుతూ కలియబెడతారు.
2. చర్య ముగిసిన తరువాత మిగిలిపోయిన రసాయనాలను తొలగించడానికి ద్రావణాన్ని డయాలిసిస్ గొట్టాలలో నింపి, గోరువెచ్చని శుద్ధజలంలో కొన్ని రోజులపాటు ఉంచుతారు. ఈ దశలో తొందరపడితే మిగిలిన ఆమ్లం కణాలకు హాని చేస్తుంది.
3. ద్రావణాన్ని గడ్డకట్టించి శూన్యంలో ఆరబెడతారు. తెల్లని దూదివంటి పదార్థం లభిస్తుంది. దీనిని తేమ తగలకుండా అతిశీతల పరిస్థితులలో భద్రపరుస్తారు.
4. ఈ పదార్థాన్ని 5 నుండి 10 శాతం గాఢతలో బఫర్‌లో కరిగించి, ప్రారంభకాన్ని కలిపి, సూక్ష్మ రంధ్రాల వడపోత ద్వారా క్రిమిరహితం చేస్తారు. ప్రారంభకం కలిపిన తరువాత సీసాకు రేకు చుట్టి వెలుతురు తగలకుండా ఉంచుతారు.
5. ద్రావణాన్ని 37 డిగ్రీల వద్ద ఉంచి కణాలను మృదువుగా కలుపుతారు. సాధారణంగా ఒక మిల్లీలీటరుకు పది లక్షల నుండి కోటి కణాల వరకు కలుపుతారు.
6. అచ్చులో పోసి, పైన పలుచని గాజు పలకను కప్పి, నిర్ణీత సమయం కాంతిని ప్రసరింపజేస్తారు. మామూలు గాజు 365 నానోమీటర్ల కాంతిని పోనిస్తుంది, 300 నానోమీటర్ల కంటె తక్కువ ఉన్న కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది.
7. ఏర్పడిన జెల్‌ను వెచ్చని బఫర్‌తో కడిగి, పోషక ద్రావణంలో ఉంచి, 37 డిగ్రీల వద్ద 5 శాతం కార్బన్ డయాక్సైడ్ గల పేటికలో పెంచుతారు.

కాంతిని ప్రసరింపజేసే సమయంలో కణాలను పోషక ద్రావణంలో కాక సాదా బఫర్‌లో ఉంచడం మంచిదని భావిస్తారు. పోషక ద్రావణాలలో ఉండే రైబోఫ్లేవిన్, అనగా బి2 విటమిన్, కాంతిని శోషించి చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టించడం ఇందుకు కారణం.

ఆకృతులు, ముద్రణ

కాంతి పడిన చోటనే జెల్ ఏర్పడుతుంది కనుక, చిత్రం ముద్రించిన పారదర్శక పలకను ద్రావణానికి, దీపానికి మధ్య ఉంచితే ఆ చిత్రం ఆకారంలోనే జెల్ ఏర్పడుతుంది. నీడ పడిన చోట మిగిలిన ద్రావణాన్ని కడిగివేస్తారు. ఛాయాచిత్రాల ముద్రణకు, ఎలక్ట్రానిక్ చిప్పుల తయారీకి వాడే సూత్రం ఇదే. మీటరులో పదిలక్షవ వంతుల పరిమాణంలో గీతలు, గుంటలు, గదులు గల జెల్‌లను ఈ విధంగా తయారుచేస్తారు.

ఒక పొరపై మరొక పొరను కాంతితో ముద్రిస్తూ పోతే త్రిమితీయ ఆకృతి లభిస్తుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. పై పొరను గట్టిపరచే కాంతి క్రింది పొరలకు కూడా చొచ్చుకొనిపోయి ఖాళీగా ఉండవలసిన గొట్టాలను పూడ్చివేస్తుంది. 2019లో జోర్డాన్ మిల్లర్ బృందం ఈ చిక్కును ఆహార పదార్థాలకు పసుపు రంగునిచ్చే టార్ట్రజిన్‌ను ద్రావణంలో కలిపి పరిష్కరించింది. ఈ రంగు అధికంగా ఉన్న కాంతిని శోషించి, జెల్ ఏర్పడడాన్ని పలుచని పొరకు పరిమితం చేస్తుంది. పని పూర్తయిన తరువాత నీటితో కడిగి తొలగించవచ్చు. ఈ విధంగా గాలి సంచి ఆకారం చుట్టూ రక్తనాళాల వల ఉన్న జెల్‌ను నిర్మించి, అందులో ప్రవహించే ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్‌ను గ్రహించడాన్ని చూపారు.

పరిశోధనలో ఉపయోగాలు

కణం తన చుట్టూ ఉన్న పదార్థం గట్టితనాన్ని గ్రహించగలదు. 2006లో ఆడమ్ ఎంగ్లర్, డెన్నిస్ డిషర్ తదితరులు ప్రచురించిన పత్రం ఈ విషయాన్ని ప్రసిద్ధం చేసింది. మెదడువలె మెత్తని జెల్‌పై పెంచిన మూలకణాలు నాడీకణాల లక్షణాలను, కండరమంత గట్టితనం గల జెల్‌పై కండరకణాల లక్షణాలను, ఇంకా గట్టి జెల్‌పై ఎముక కణాల లక్షణాలను ప్రదర్శించాయి. ఆ జెల్‌లు పాలీఅక్రిలమైడ్‌తో చేసినవి. వాటి గట్టితనం తయారైన తరువాత మారదు. కానీ శరీరంలో గాయం మానేటపుడు, వ్యాధి ముదిరేటపుడు, వయసు పెరిగేటపుడు కణజాలం గట్టితనం మారుతూ ఉంటుంది. కణాలు జెల్‌లో ఉండగానే ఇటువంటి మార్పును కలిగించడానికి కాంతి ఉపయోగపడుతుంది.

* గట్టిపరచడం: 2012లో మురాత్ గువెందిరెన్, జేసన్ బర్డిక్ కణాలున్న హయలురోనిక్ ఆమ్ల జెల్‌ను కాంతితో సుమారు 3 కిలోపాస్కళ్ళ నుండి 30 కిలోపాస్కళ్ళకు గట్టిపరచారు. కొద్ది గంటలలోనే కణాలు విస్తరించి, తమ ఆధారాన్ని మరింత బలంగా లాగసాగాయి.
* మెత్తబరచడం: 2009లో ప్రకటించిన జెల్‌లలో 365 నానోమీటర్ల కాంతికి తెగిపోయే బంధాలు ఉన్నాయి. కాంతి పడిన చోట వల వదులై కణాలు కదలడానికి మార్గం ఏర్పడుతుంది.
* యాంత్రిక జ్ఞాపకం: 2014లో ఆన్‌సెత్ బృందం, గట్టి ఆధారంపై ఎక్కువ కాలం పెరిగిన మూలకణాలు మెత్తని పరిసరాలకు మారిన తరువాత కూడా పాత గట్టితనం ప్రభావాన్ని నిలుపుకుంటాయని తెలిపింది. తక్కువ కాలం ఉన్న కణాలలో ఆ ప్రభావం చెరిగిపోయింది.
* త్రిమితీయ పరిసరాలు: 2013లో బర్డిక్ బృందం ప్రచురించిన ప్రయోగాలలో, చుట్టూ ఉన్న జెల్‌ను కత్తిరించి లాగగలిగిన మూలకణాలు ఎముక దిశగా మారాయి. కాంతితో అదనపు అడ్డుబంధాలు వేసి ఆ అవకాశం లేకుండా చేసినపుడు కొవ్వు కణాల దిశగా మారాయి.

చివరి రెండు ప్రయోగాల ఫలితాలు, గట్టితనం ఒక్కటే కణం భవిష్యత్తును నిర్ణయించదని సూచిస్తున్నాయి.

కణాలకు కలిగే హాని

హాని రెండు మార్గాలలో కలుగుతుంది. మొదటిది కాంతి నేరుగా చేసే హాని. ఎ-భాగపు కిరణాలను డి.ఎన్.ఏ. స్వల్పంగానే శోషించినా, కణంలోని ఇతర అణువులు శోషించి చురుకైన ఆక్సిజన్ రూపాలను ఉత్పత్తి చేస్తాయి. ఇవి డి.ఎన్.ఏ.ను, కణత్వచాన్ని దెబ్బతీస్తాయి. రెండవది ప్రారంభకం వలన పుట్టే స్వేచ్ఛా ప్రాతిపదికల హాని. ఇవి పాలిమర్ ద్విబంధాలకు, కణంలోని అణువులకు భేదం ఎరుగవు. కణాలన్నీ ఒకే విధంగా స్పందించవు. 2005లో ఎలిసెఫ్ బృందం ఆరు రకాల కణాలను పోల్చి, ఒకే మోతాదును కొన్ని బాగా సహించగా కొన్ని సహించలేకపోయాయని, వేగంగా విభజన చెందే కణాలకు హాని ఎక్కువని పేర్కొన్నది.

కణాల స్థితిని తెలుసుకొనడానికి, జీవించి ఉన్న కణాలు ఆకుపచ్చగాను, చనిపోయినవి ఎరుపుగాను కనిపించే రంగుల పరీక్ష సర్వసాధారణం. కాని ఆకుపచ్చగా కనిపించిన కణం క్షేమంగా ఉన్నదని చెప్పడానికి ఈ పరీక్ష ఒక్కటే చాలదు. డి.ఎన్.ఏ. దెబ్బతిన్న కణం కూడా కొంతకాలం జీవించి ఉంటుంది, కానీ దాని ప్రవర్తన మారుతుంది. ఆ మార్పును జెల్ గుణంగా పొరబడే ప్రమాదం ఉంది. ఇది పరిశోధన విశ్వసనీయతకు సంబంధించిన విషయం. అందువలన ప్రయోగంలో నాలుగు సమూహాలను పోల్చడం ఉత్తమం: కాంతి, ప్రారంభకం రెండూ లేనివి, కాంతి మాత్రమే పడినవి, చీకటిలో ప్రారంభకం మాత్రమే తగిలినవి, రెండూ ఉన్నవి. కణ విభజన, జన్యువుల పనితీరు, డి.ఎన్.ఏ. స్థితి కొన్ని రోజుల తరువాత కూడా పరీక్షించవలసి ఉంటుంది.

కార్నియా చికిత్సతో పోలిక

ఈ ప్రక్రియకు దగ్గరి పోలిక గల చికిత్స ఒకటి కంటి వైద్యంలో ఉంది. కెరటోకోనస్ అనే వ్యాధిలో కార్నియా బలహీనపడి, పలుచబడి, శంఖువు ఆకారంలో ముందుకు పొడుచుకువస్తుంది. జర్మనీలోని డ్రెస్డెన్ నగర వైద్యులు వోలెన్సాక్, స్పోర్ల్, సైలర్ 2003లో ప్రచురించిన పద్ధతిలో, కార్నియాపై రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి, 370 నానోమీటర్ల కాంతిని చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీవాట్ల తీవ్రతతో 30 నిమిషాలు ప్రసరింపజేస్తారు. మొత్తం మోతాదు చదరపు సెంటీమీటరుకు 5.4 జౌళ్ళు. దీనివలన కార్నియాలోని కొల్లాజెన్‌లో కొత్త అడ్డుబంధాలు ఏర్పడి అది బలపడుతుంది. అమెరికాలో దీనికి 2016లో ఆమోదం లభించింది. తెలుగు రాష్ట్రాలలోని పెద్ద కంటి ఆసుపత్రులలో కూడా ఈ చికిత్స చేస్తున్నారు.

ఇక్కడ రైబోఫ్లేవిన్ రెండు పనులు చేస్తుంది. చర్యను ప్రారంభించడం ఒకటి. కాంతిని శోషించి లోపలి పొరలను కాపాడడం రెండవది. కార్నియా లోపలి పొరలోని కణాలు నశిస్తే మనిషిలో తిరిగి పుట్టవు. అందుకే ఈ పద్ధతిలో కార్నియా మందం కనీసం 400 మైక్రోమీటర్లు ఉండాలని నియమం పెట్టారు. ప్రయోగశాలలోని జెల్‌కు, రోగి కంటికి వర్తించే సూత్రం ఒకటే.

పరిమితులు

* మందమైన జెల్‌లలో కాంతి సమంగా చొరబడదు.
* పోషకాలు, ఆక్సిజన్ అందే చోటు నుండి సుమారు 100 నుండి 200 మైక్రోమీటర్ల కంటె దూరంలో ఉన్న కణాలు జీవించడం కష్టం. పెద్ద కణజాలాల నిర్మాణానికి ఇది ప్రధాన అవరోధం.
* జెలటిన్ జంతువుల నుండి లభించేది కనుక ఒక విడతకు, మరొక విడతకు తేడాలుంటాయి.
* దీపాల కాంతి వాడకంతో మారుతుంది. తీవ్రతను కొలమానితో తరచుగా కొలవకపోతే ఒక ప్రయోగశాల ఫలితం మరొకచోట పునరావృతం కాదు.

జాగ్రత్తలు

అతినీలలోహిత కాంతి కంటికి, చర్మానికి హానికరం. ఎ-భాగపు కాంతి కంటికి దాదాపుగా కనిపించదు కనుక దీపం వెలుగుతున్నదని గుర్తించక దానివైపు చూసే ప్రమాదం ఉంది. తగిన కళ్ళద్దాలు, చేతి తొడుగులు, దీపం చుట్టూ అడ్డుతెర తప్పనిసరి. మెథాక్రిలిక్ అన్‌హైడ్రైడ్ ఆవిరి ఘాటైనది. దానిని గాలిని బయటికి పంపే పేటికలోనే వాడాలి. అక్రిలేట్ రసాయనాలు కొందరికి చర్మంపై ఎలర్జీ కలిగిస్తాయి.

ఇవి కూడా చూడండి

* అతినీలలోహిత కిరణాలు
* పాలిమర్
* కొల్లాజెన్
* మూలకణాలు
* కార్నియా
* త్రిమితీయ ముద్రణ